స్కాన్‌లో ఏమీ లేకపోయినా లింఫు గ్రంథులు తీయాలా?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా నాన్నగారికి 66 ఏళ్లు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తుండడంతో పరీక్షలు చేయించాం. ప్రోస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) జబ్బును సూచించే పీఎస్‌ఏ రక్తపరీక్షలో 18 వచ్చింది. బయాప్సీలో తీసిన 12 ముక్కల్లో ఆరింటిలో కాన్సర్ ఉందని, కాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 4+3 అని రిపోర్టు ఇచ్చారు. ప్రోస్టేట్ కాన్సర్ కణాలను వెతికే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో ప్రోస్టేట్ బయట ఎక్కడా ఏమీ కనిపించలేదు. అయినా రోబో ఆపరేషన్‌లో ప్రోస్టేట్‌తోపాటు లింఫు గ్రంథులు కూడా తీస్తామని సర్జన్‌గారు అంటున్నారు. నెల్లూరులో ఉన్న మా పెదనాన్నగారేమో బిళ్లలను కదిలిస్తే జబ్బు ఒళ్లంతా పాకుతుందని, కాళ్లు బోదకాళ్లవుతాయని భయపడుతున్నారు. ఏమీ లేనివాటిని తీయడం అవసరమా? తీస్తే నాన్నగారి ఆయుష్షు పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు మీ పెదనాన్నగారి భయం సంగతి చూద్దాం. కాలికి ముల్లు గుచ్చుకొని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది కదా, అది లింఫు గ్రంథే. కాలినుంచి వచ్చే ద్రవాన్ని వడగట్టి, అందులోని సూక్ష్మజీవులతో పోరాడుతూ వాచిన గ్రంథి అది. ప్రోస్టేట్‌నుంచి వచ్చే ద్రవాన్ని వడగట్టే గ్రంథులు గజ్జల్లో ఉండవు. పొత్తికడుపు లోపల, కాళ్లకు వెళ్లే పెద్ద రక్తనాళాల వెంబడి కొవ్వులో పొదిగినట్లు ఉంటాయి. సర్జన్‌గారు తీసేది వాటిని. వాటిని తీయడంవల్ల కాన్సర్ పాకదు. కాన్సర్ కణాలు ఆ దారిన వెళ్లి ఉంటే అది ఆపరేషన్‌కు ముందే జరిగిపోయి ఉంటుంది.

స్కాన్ శుభ్రంగా ఉందన్న మాటను మాత్రం కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. పీఎస్‌ఎంఏ పెట్ ఇప్పుడున్న స్కాన్లలో చాలా మెరుగైనది, కానీ అయిదు మిల్లీమీటర్లకన్నా చిన్న మచ్చలను అది తరచుగా పట్టుకోలేదు. కాలిఫోర్నియాలో ఈ స్కాన్ చేసి, ఆ తర్వాత ప్రోస్టేట్‌ను, గ్రంథులను తీసిన 277 మందిని పరిశీలించారు. మైక్రోస్కోపు కింద 75 మంది గ్రంథుల్లో కాన్సర్ కనిపించింది. అలా కాన్సర్ ఉన్న ప్రతి పదిమందిలో స్కాన్ ముందుగా గుర్తించింది దాదాపు నలుగురినే. గ్రంథుల్లో కాన్సర్ లేనివారిలో స్కాన్ పొరపాటున ‘ఉంది’ అనడం అరుదు, కానీ అది ‘లేదు’ అన్నంతమాత్రాన లేనట్లు కాదు. తీసిన కొవ్వుముక్కను పెథాలజిస్టు వేళ్లతో నలిపి చూస్తూ, ఒక్కోసారి కందిగింజంత కూడా లేని గ్రంథులను ఏరి, పలుచని పొరలుగా కోసి, రంగు వేసి చూస్తారు. నేటికీ దీనికి సాటివచ్చే పరీక్ష మరొకటి లేదు.

ఆయుష్షు పెరుగుతుందా అన్న ప్రశ్నకు సూటిగా చెప్పవలసి వస్తే, గ్రంథులు తీసినందువల్లనే రోగులు ఎక్కువకాలం బతుకుతారని ఇంతవరకు గట్టిగా రుజువు కాలేదు. బ్రెజిల్‌లో 300 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు కొద్దిపాటి గ్రంథులను, మరో జట్టుకు విస్తృతంగా తీశారు. విస్తృతంగా తీసినవారిలో 17 శాతం మందికి, కొద్దిగా తీసినవారిలో మూడు శాతం పైచిలుకు మందికి గ్రంథుల్లో కాన్సర్ దొరికింది. అంటే ఎంత వెతికితే అంత దొరికింది. కానీ పీఎస్‌ఏ మళ్లీ పెరగడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. న్యూయార్క్‌లో 1,440 మందిపై జరిగిన మరో పరీక్షలోనూ పీఎస్‌ఏ విషయంలో మొదట ఇదే ఫలితం వచ్చింది. అయితే వారిని ఇంకొన్నేళ్లు గమనించాక, విస్తృతంగా తీసినవారిలో జబ్బు ఇతర భాగాలకు పాకడం కొంత తక్కువగా కనిపించింది. ఇది ఆశ కలిగించే విషయమే అయినా, దీని ఆధారంగా మీకు నేను హామీ ఇవ్వలేను. ప్రస్తుతానికి ఈ పని ముఖ్య ప్రయోజనం జబ్బు ఎంతవరకు వెళ్లిందో కచ్చితంగా తెలుసుకోవడం. ఆ సమాచారాన్నిబట్టే తర్వాత రేడియేషన్, హార్మోన్ మందులు అవసరమా కాదా అన్నది తేలుతుంది.

అందుకే దీన్ని అందరికీ చేయరు. పీఎస్‌ఏ, గ్లీసన్ స్కోరు, బయాప్సీ ముక్కల లెక్క, ఎంఆర్‌ఐ కలిపి గ్రంథుల్లో కాన్సర్ ఉండే అవకాశాన్ని లెక్కగడతారు. యూరప్ మార్గదర్శకాలు చాలాకాలం అయిదు శాతాన్ని హద్దుగా పెట్టుకొని, అది దాటితేనే తీయమన్నాయి. పీఎస్‌ఏ 18, గ్లీసన్ 4+3, సగం ముక్కల్లో కాన్సర్ ఉన్న మీ నాన్నగారు ఆ హద్దును దాటే ఉంటారు. కనుక మీ సర్జన్‌గారి సలహా నాకు సబబుగానే తోస్తోంది. పీఎస్‌ఏ అయిదో ఆరో, గ్లీసన్ 3+3 అయి ఉంటే నేనే వద్దనేవాణ్ని.

ఇక కష్టాల సంగతి. ఎక్కువగా కనిపించేది లింఫోసీల్, అంటే తెగిన సన్నని నాళాలనుంచి కారిన ద్రవం పొత్తికడుపులో సంచిలా నిలవడం. చాలామందిలో అది దానంతటదే ఇంకిపోతుంది. కొందరిలో చీము పట్టడమో, పక్కనున్న సిరను నొక్కి కాలు వాచడమో జరిగితే సూదితో గొట్టం వేసి తీయవలసి వస్తుంది. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా కొంత పెరుగుతుంది. అందుకే బిగుతు మేజోళ్లు తొడుగుతారు, పొట్ట చర్మం కింద చిన్న ఇంజెక్షన్లు ఇస్తారు, మర్నాటినుంచే నడిపిస్తారు. గజ్జల గ్రంథులను ముట్టుకోరు కాబట్టి బోదకాలంత వాపు అరుదు. తర్వాత రేడియేషన్ కూడా పడితే కొద్దిపాటి వాపు రావచ్చు. మూత్రం ఆపుకోవడం, దాంపత్య సామర్థ్యం ప్రధానంగా ప్రోస్టేట్‌ను తీసే తీరుమీద, దాన్ని ఆనుకొని ఉండే నరాలమీద ఆధారపడతాయి.

సర్జన్‌గారిని రెండు మాటలు అడగండి. నాన్నగారికి గ్రంథుల్లో కాన్సర్ ఉండే అవకాశం ఎన్ని శాతమని లెక్కగట్టారు? ఏయే రక్తనాళాల దాకా తీస్తారు? రెండో అభిప్రాయం కావాలనుకుంటే, 1954 నుంచి ఉన్న అడయారు కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మీ ఊళ్లోనే ఉంది. వెళ్లేటప్పుడు బయాప్సీ గాజు స్లైడ్లు, స్కాన్ సీడీ తప్పకుండా తీసుకెళ్లండి. ఉత్త రిపోర్టు కాగితాలు చాలవు.

ప్రశ్న: అయ్యా, నా వయసు 61. రెండు నెలల క్రితం ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. తీసిన 17 గ్రంథుల్లో ఒకదానిలో కాన్సర్ ఉందట. అది నాలుగో స్టేజి అని విన్నప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ 0.1కన్నా తక్కువ ఉంది. రేడియేషన్ వెంటనే మొదలుపెట్టాలా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: లింఫు గ్రంథిలో కాన్సర్ కణం కనిపిస్తే వర్గీకరణ ప్రకారం ‘నాలుగు–ఏ’ అని రాస్తారు. ఎముకలకు పాకిన జబ్బును ‘నాలుగు–బి’ అంటారు. రెండింటికీ ఒకే అంకె ఉన్నంతమాత్రాన రెండూ ఒకటి కావు. ఒకటి రెండు గ్రంథుల్లోనే కాన్సర్ ఉన్నవారి ఫలితాలు అంతకన్నా ఎక్కువ గ్రంథుల్లో ఉన్నవారికంటే చాలా మెరుగు.

1999లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షలో, గ్రంథుల్లో కాన్సర్ దొరికిన 98 మందిలో వెంటనే హార్మోన్ చికిత్స పొందినవారు ఎక్కువకాలం బతికారు. అది ఇప్పటంత సున్నితమైన పీఎస్‌ఏ పరీక్షలు వాడుకలో లేని కాలం. ఒక్క గ్రంథి, దాదాపు కనబడనంత పీఎస్‌ఏ ఉన్న మీవంటివారిలో, మూడు నెలలకోసారి పీఎస్‌ఏ చూస్తూ, అది పెరగడం మొదలుపెట్టగానే రేడియేషన్ ఇవ్వడం కూడా అంగీకృతమైన మార్గమే. ప్రోస్టేట్ పొర దాటి కాన్సర్ బయటికి వచ్చిందా, కోసిన అంచుల్లో మిగిలిందా అన్నవి కూడా తూచాలి కనుక, మీ పెథాలజీ రిపోర్టు మొత్తం పట్టుకొని రేడియేషన్ నిపుణుణ్ని ఈ నెలలోనే ఒకసారి కలవండి. ఈలోపు మూత్రం నిలుపుకొనే వ్యాయామాలు ఆపకండి. రేడియేషన్ అవసరమైనా, ఆ పట్టు తిరిగి వచ్చాకే మొదలుపెట్టడం మేలు.