అంటార్కిటికాకు దరఖాస్తు పెడుతున్న బిడ్డకు

హనుమకొండ

చి. మౌనికకు పెద్దబాపు ఆశీస్సులు.

అంటార్కిటికా యాత్రలో చిత్రకారిణిగా పోవడానికి నువ్వు రాసిన దరఖాస్తు, దాంతో పంపిన బొమ్మలు తీరిగ్గా చూశాను. బొమ్మలు బాగున్నాయి. రాసినదాంట్లో మాత్రం ‘తెల్లని నిశ్శబ్దం’, ‘మంచు సౌందర్యం’ అన్న మాటలు చాలాచోట్ల వచ్చాయి. వాటిని తీసెయ్యి. మంచు ఎంత అందంగా ఉంటుందో చూపించే ఫొటోలు ఇవాళ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. అంత ఖర్చు పెట్టి, ఒక మంచం నీకు కేటాయించి తీసుకుపోయేవాళ్ళు చూసేది వేరు. అక్కడ జరిగే పని ఏమిటో ఈ అమ్మాయికి తలకెక్కుతుందా, ఎక్కినదాన్ని గీసి చూపగలదా అని చూస్తారు. నేను భూగర్భ శాస్త్రవేత్తగా అక్కడి మన మైత్రి స్థావరానికి పోయినప్పుడు మా జట్టులో చిత్రకారులు ఎవరూ లేరు. ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

అక్కడి మన రెండు స్థావరాల్లో మైత్రికి అడగాలా, భారతికి అడగాలా అని కదా నీ సందేహం. మన దేశం అంటార్కిటికాలో మొదట కట్టుకున్న స్థావరం దక్షిణ గంగోత్రి. 1983-84లో, సముద్రం మీదికి చాచుకుని ఉండే మంచు పలక మీద కట్టారు. ఏటేటా మంచు పేరుకుపోయి అది లోపలికి కూరుకుపోయింది. అందుకే తరవాతి స్థావరం మైత్రిని షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేల మీద పెట్టారు. అది 1989 నాటిది. దక్షిణ గంగోత్రిలో తడి సాక్సులు ఎక్కడ ఆరేసుకునేవారు, రేడియో బల్ల మీద ఏమేం ఉండేవి, రాత్రి ఆలస్యంగా వచ్చినవాడికి అన్నం ఎక్కడ మూత పెట్టేవారు? గ్రూప్ ఫొటోల్లో ఇవేవీ కనపడవు. ఇప్పుడు మైత్రికీ వయసు మీద పడింది, కొత్త స్థావరం కట్టే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2012లో మొదలైన భారతిని 134 షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు, చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది కూడా. నన్నడిగితే మైత్రినే కోరుకో. కనుమరుగయ్యేలోపు గీయాల్సినవి అక్కడే ఎక్కువ.

ఎడ్వర్డ్ విల్సన్ గురించి తప్పకుండా చదువు. స్కాట్ నాయకత్వంలో 1901లో ఒకసారి, 1910లో ఇంకోసారి బయల్దేరిన బ్రిటిష్ యాత్రలు రెండింటిలోనూ ఆయన ఉన్నాడు. డాక్టరు, జంతుశాస్త్రం తెలిసినవాడు, చిత్రకారుడు. ఆ చలిలో బయట రంగులు కలపడం కుదరదు గనక పెన్సిల్‌తో గబగబా గీసి, ఎక్కడ ఏ రంగు ఉందో ఆ కాగితం మీదే మాటల్లో రాసుకునేవాడు. గుడిసెలోకి వచ్చాక ఆ రాతలను పట్టుకుని నీటిరంగులు వేసేవాడు. కళ్ళద్దాలు తీసి గీసినందుకు మంచు వెలుగుకు కళ్ళు దెబ్బతిని నరకం చూశాడు కూడా. సూర్యుడి చుట్టూ ఏర్పడే కాంతి వలయాలను ఆయన గీస్తే అది అందమైన బొమ్మ, ఆకాశం గురించిన రికార్డు కూడా. నీ నుంచి నేను కోరేది అట్లాంటి బొమ్మ.

1912లో ధ్రువం నుంచి తిరిగొస్తూ, తిండి తగ్గిపోయి, ఒళ్ళు సహకరించని స్థితిలో కూడా స్కాట్, విల్సన్‌ల జట్టు బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగి రాళ్ళు ఏరుకుంది. ఇల్లు చేరకుండానే వాళ్ళంతా చనిపోయారు. వాళ్ళ దగ్గర దొరికిన రాళ్ళు సుమారు 16 కిలోలు. వాటిలో గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. నాలుక ఆకారంలో ఉండే ఆకు అది. అదే జాతి ఆకులు మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ దొరుకుతాయి. భూపాలపల్లిలో, రామగుండంలో మనం తవ్వుకునే బొగ్గు ఆ కాలపు అడవులదే. భారతదేశం, అంటార్కిటికా రెండూ గోండ్వానా అనే ఒకే భూఖండంలో అతుక్కుని ఉన్న రోజులు, ఇప్పటికి 25 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఈ సంగతిని నీ దరఖాస్తులో మొదటి పేరాగా పెట్టు. వరంగల్ అమ్మాయికి అంటార్కిటికాతో ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే ఇంతకన్నా గట్టి జవాబు నాకు తట్టడం లేదు.

మాటతో ఆగకు, ఆ ఆకును గీసి పంపు. భూతద్దం పట్టుకుని చూడు: నడుమ ఒక ఈనె నిటారుగా పోతుంది, దాని నుంచి బయల్దేరిన సన్నని ఈనెలు ఒకదానితో ఒకటి కలుస్తూ వలలా అల్లుకుంటాయి. ఆ వల తప్పిపోయి గీతలు విడివిడిగా అంచుదాకా పోతే అది గ్లాసాప్టెరిస్ కాదు. నడిమి ఈనె స్పష్టంగా లేకపోతే గంగమాప్టెరిస్ అనే ఇంకో మొక్క అవుతుంది. చూసేవాళ్ళలో ఒక్క శాస్త్రవేత్త ఉన్నా ఆ ఒక్క బొమ్మతో నీ మీద నమ్మకం కుదురుతుంది. కెమెరా ఉండగా బొమ్మ ఎందుకని మీ బాపు అడిగాడట. మేము ఇప్పటికీ ఫీల్డు నోటుబుక్కులో రాతి పొరలను చేత్తోనే గీస్తాం బిడ్డా. ఫొటోలో నీడ, మరక, పగులు, పొర అన్నీ ఒకే తీరుగా వస్తాయి. గీసే చెయ్యి మాత్రం ఏది పొర, ఏది ఉత్త పగులు అని తేల్చుకోకుండా ముందుకు కదలదు.

పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. ఏదైనా యంత్రం ముందు కూర్చునేలోపు అది దేన్ని కొలుస్తుంది, ఆగిపోతే రాత్రి లేచి పోయేది ఎవరు అని అడుగు. మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1997లో మైత్రిలో భూకంపాలను నమోదు చేసే కేంద్రం పెట్టింది. చూడ్డానికి అక్కడేమీ ఉండదు. కానీ ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో భూమి కంపిస్తే ఆ గదిలో తెలుస్తుంది. దాన్ని బొమ్మలో ఎట్లా తెస్తావో ఆలోచించు, నీ చదువుకు అసలు పరీక్ష అదే.

వాతావరణ శాఖ వాళ్ళు ఓజోన్ కొలవడానికి బెలూన్ వదలడం మాత్రం కళ్ళకు పండగ. గాలి ఎటు నుంచి కొడుతుందో చూసుకుని అటు వీపు పెట్టి నిలబడతారు. ఒకరు బెలూన్ మెడను రెండు చేతులా పట్టుకుంటారు, ఇంకొకరు కింద వేలాడే పరికరాల పెట్టెను గుండెకు ఆనించుకుని ఉంటారు. మాట ఉండదు, తల ఊపుకోవడమే. వదిలిన క్షణం పెట్టె పట్టుకున్న మనిషి నాలుగడుగులు బెలూన్ వెంట పరుగెత్తి అప్పుడు చేతులు తీస్తాడు, లేకపోతే పెట్టె రాళ్ళకు కొట్టుకుంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి బెలూన్ ఉబ్బుతుంది, 30 కిలోమీటర్ల ఎత్తు దరిదాపుల్లో పగిలిపోతుంది. మళ్ళీ ఇంకో రోజు ఇదే పని. అంటార్కిటికా మీద ఓజోన్ పొర బాగా పలచబడిందని 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు లోకానికి చెప్పగలిగింది అక్కడి తమ హాలీ స్థావరంలో ఏళ్ళ తరబడి విసుగులేకుండా ఓజోన్ కొలతలు తీసుకున్నందుకే. ఆ చేసిందే చేయడాన్ని గీయి.

దానికి నీ చేతిలో ఉన్న చేర్యాల పటం కన్నా తగిన రూపం లేదు. కథ వరుసలు వరుసలుగా పైనుంచి కిందికి దిగుతుంది, మనుషులు మళ్ళీ మళ్ళీ వస్తారు, చూసేవాడికి చెయ్యి పట్టుకుని చెప్పినట్టు ఉంటుంది. బెలూన్ నింపడం నుంచి అంకెలు మన దేశానికి చేరేదాకా ఒక పటం. సరస్సు నుంచి నీళ్ళు వంటింటికి చేరేదాకా ఒక పటం. మైత్రి పక్కనే ప్రియదర్శిని సరస్సు ఉంది, అక్కడి నీళ్ళే తాగుతారు. చేర్యాల పటానికి వేసే ఎర్ర నేపథ్యం అక్కడ నప్పుతుందా అని అడిగావు. నాకైతే నప్పుతుందనే అనిపిస్తుంది. మంచులో దూరానికి కనపడాలని అక్కడి కోట్లు, బండ్లు చాలావరకు ఎరుపో నారింజో ఉంటాయి. కాకపోతే ఆ ఎరుపు మీద మంచు తెలుపు ఎట్లా నిలుస్తుందో ఇక్కడే వేసి చూసుకో.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. బయట పెన్సిలే దిక్కు. బాల్‌పెన్నులో ఇంకు గడ్డకడుతుంది, ఆక్రిలిక్ రంగు చలికి సరిగా పట్టదు, నీటిరంగు కాగితం మీదే మంచు పొరవుతుంది. లావుపాటి పెన్సిళ్ళు తీసుకో, సన్నవి గ్లోవ్స్‌లో నిలవవు. ఇనుప క్లిప్పులు వట్టి చేత్తో ముట్టుకోకు, చర్మం అంటుకుపోతుంది. ఫోన్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకో. కెమెరాను లోపలికి తెచ్చేముందు బయటే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా మూసి తీసుకురా, లేకపోతే లెన్సు లోపల తడి పడుతుంది. రంగు కళ్ళద్దాలు మంచు రంగును మార్చి చూపిస్తాయి. కానీ విల్సన్ పడ్డ బాధ నువ్వు పడొద్దు. రంగు తేల్చుకోవడానికి క్షణం సేపు తీసి, వెంటనే పెట్టుకుని, ఆ రంగు పేరు రాసుకో.

పెన్సిల్ చెక్కిన పొట్టు, రబ్బరు పొడి కూడా అక్కడ నేల మీద పడకూడదు. ఒక చిన్న డబ్బా మెడలో వేసుకో. అంటార్కిటికా పర్యావరణ ఒప్పందం 1991లో కుదిరింది, మన పార్లమెంటు 2022లో దానికోసం చట్టం చేసింది. పక్షులు బెదిరేలా దగ్గరికి పోవడమూ నిషేధమే. మైత్రి సముద్రం నుంచి సుమారు 100 కిలోమీటర్లు లోపల ఉంటుంది కాబట్టి పెంగ్విన్ల మీద ఆశ పెట్టుకోకు. స్కువా పక్షులు మాత్రం రాళ్ళ మధ్య గూళ్ళు పెట్టుకుంటాయి. దూరం నుంచే గీయి.

అక్కడ కన్ను చేసే మోసం ఒకటుంది. చెట్టు ఉండదు, ఇల్లు ఉండదు, గాలిలో దుమ్ము ఉండదు. పక్కనే ఉందనుకున్న కొండ దగ్గరికి పూటంతా నడిచినా చేరం. బొమ్మలో ఒక మనిషినో, బండినో, జెండా కర్రనో పెట్టకపోతే కొండకూ బండరాయికీ తేడా తెలియదు. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గని అంచున నిలబడి కింద డంపర్లను గీస్తే ఈ కొలతలు కొంత అలవాటవుతాయి.

ఇక మనుషులు. నేను అక్కడి ఎండాకాలపు జట్టులో పోయినవాణ్ణి, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, చాలా రోజులు సూర్యుడు అస్తమించని కాలంలో. చలికాలం ఉండిపోయే జట్టు పాతిక మంది దాకా ఉంటారు. మైత్రిలో దాదాపు రెండు నెలలు సూర్యుడు కనపడడు. ఓడ రాదు, విమానం రాదు. ఇంటి దగ్గర చావు కబురు వచ్చినా కదలలేరు. అట్లాంటి కబురు విన్న ముఖాన్ని గీయకు బిడ్డా, నీ బొమ్మ ఎంత గొప్పదైనా సరే. అడిగి గీయి, ముందు వాళ్ళకే చూపించు, వద్దంటే ఆ కాగితం వాళ్ళకే ఇచ్చెయ్యి. శాస్త్రవేత్తలతోనే ఆగిపోకు. జనరేటర్ చూసే మెకానిక్, వంటమనిషి, బండ్ల డ్రైవరు, డాక్టరు లేకపోతే అక్కడ ఏ కొలతా లేదు. వంటింటి పని, ఊడ్చే పని అందరూ వంతులవారీగా చేస్తారు. నీ వంతు ఎగ్గొట్టకు. గిన్నెలు తోముతూ విన్న కబుర్లు పుస్తకం పట్టుకుని పోయి అడిగితే రావు.

అభ్యాసానికి మన ఏనుమాముల చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి కదా, యజమానిని అడిగి రోజూ కొంతసేపు లోపల కూర్చో. అంటార్కిటికా చలి కాదది, అయినా గ్లోవ్స్ వేసుకుని, కోటు వేసుకుని, ఆగకుండా బస్తాలు మోసే హమాలీలను గీయడం నేర్పుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకో, మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగవు.

మీ అమ్మకు టెన్షన్‌గా ఉందని తెలుసు. 1983-84 యాత్రలోనే సుదీప్తా సేన్‌గుప్తా, అదితి పంత్ వెళ్ళొచ్చారని చెప్పు. సుదీప్త మా భూగర్భ శాస్త్రం మనిషే. ఇస్రో శాస్త్రవేత్త మంగళా మణి 2016-17లో భారతిలో ఏడాదికి పైగా ఉండి వచ్చారు, అప్పటికి ఆమెకు యాభై దాటాయి. ఎంపికైతే ఢిల్లీ ఎయిమ్స్‌లో ఒళ్ళంతా పరీక్షిస్తారు, ఉత్తరాఖండ్‌లోని ఔలీ మంచులో శిక్షణ ఉంటుంది. పళ్ళు ఇప్పుడే చూపించుకో, ఆ కుడివైపు పన్ను సంగతి వాయిదా వెయ్యకు.

యాత్రలు నడిపేది గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన జాతీయ కేంద్రం. ఒంటరిగా అడిగేకంటే ఏదైనా పరిశోధన బృందంతో కలిసి, వాళ్ళ పనికి నీ బొమ్మలు ఎట్లా పనికొస్తాయో రాసి అడిగితే నీ మాటకు బలం ఉంటుందని నా ఉద్దేశం. ముందు ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళకు రాసి చూడు. దరఖాస్తు తిరగరాశాక నాకు పంపు, శాస్త్రం తప్పులుంటే దిద్దుతాను. భూపాలపల్లి పోయేముందు ఫోన్ చెయ్యి. అక్కడ నాకు తెలిసిన జియాలజిస్టు ఉన్నాడు, ఆకు ముద్రలున్న రాళ్ళు చూపిస్తాడు. గనిలోకి పర్మిషన్ ముందే తీసుకోవాలి, బూట్లు నువ్వే తెచ్చుకోవాలి.

మీ పెద్దబాపు