ఫోల్డర్ పేరులో గీతలున్న అక్షరం ఉంటే సాఫ్ట్‌వేర్ 'పాత్ దొరకలేదు' అంటోంది, ఏం చేయాలి?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎస్పాన్యా అనే ఫోల్డర్, అందులో ఎన్ మీద వంకర గీత, మౌస్‌తో క్లిక్ చేస్తే బానే తెరుచుకుంటుంది కానీ సాఫ్ట్‌వేర్ మాత్రం అలాంటి పాత్ (ఫోల్డర్ ఉన్న చిరునామా) లేదంటోంది, రీఇన్‌స్టాల్ చేసినా అంతే. రీఇన్‌స్టాల్‌తో పోయేది కాదండి ఇది, ఇంక ఆ పని ఆపేయండి. దీంట్లో రెండు వేరే వేరే జబ్బులున్నాయి, ముందు మీది ఏదో తేల్చుకోవాలి.

మొదటిది విండోస్‌లో ఎక్కువ. పాత ప్రోగ్రాములు పేర్లని యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకీ ఒక్కో నంబరిచ్చే పట్టిక) చదవవు, కోడ్ పేజీలో (కొన్ని భాషలకే సరిపోయే పాత చిన్న పట్టిక) చదువుతాయి. వెస్ట్రన్ యూరప్ సెట్టింగ్ ఉంటే మామూలు ప్రోగ్రాములకి 1252 అనే కోడ్ పేజీ, నల్ల కమాండ్ విండోకి 850, ఒకే మెషిన్‌లో రెండన్నమాట. గీతున్న ఆ ఎన్ 1252లో ఎఫ్1 అనే బైటు, 850లో ఏ4, ఇంక కుదిరేదెక్కడ. ఎర్రర్ మెసేజ్‌లో పేరు ఎలా పడుతోందో చూడండి. ఎన్ ఉండాల్సిన చోట గీతున్న పెద్ద ఏ, దాని పక్కన ప్లస్‌మైనస్ గుర్తు కనిపిస్తే యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) ఉన్న పేరుని 1252 అనుకుని చదివేశారని అర్థం.

మా టీమ్‌లో ఒకతని యూజర్ పేరులోనే ఇలాంటి అక్షరం ఉండేది, ఒక ఇన్‌స్టాలర్ ప్రతిసారీ సగంలో ఆగిపోయేది, కారణం చూస్తే టెంప్ ఫోల్డర్ కూడా ఆ యూజర్ ఫోల్డర్ లోపలే ఉంటుంది కదా, అక్కడ ఫైళ్లు విప్పుకోలేక చస్తోంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రాములు చూసుకునే విండోస్ సెట్టింగులు) టెంప్, టీఎంపీ రెండిటినీ సీ డ్రైవ్‌లో గీతల్లేని ఫోల్డర్‌కి మారిస్తే ఇన్‌స్టాల్ అయిపోయింది. అకౌంట్ పేరు మారిస్తే చాలనుకోకండి, డిస్క్ మీద ఫోల్డర్ పాత పేరుతోనే ఉంటుంది. రీజియన్ సెట్టింగ్స్‌లో యూటీఎఫ్-8 బీటా అని ఒక టిక్ ఉంది, అది పెట్టమని చాలామంది చెప్తారు, నేనైతే అది చివరికి ఉంచుకుంటా, ఎందుకంటే మిగతా పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది.

రెండోది ఇంకా చికాకు, ఎందుకంటే కంటికి ఏ తేడా ఉండదు. గీతున్న ఎన్‌ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే అక్షరంగా, బైట్లలో సీ3 బీ1. లేదా మామూలు ఎన్, దాని వెనక విడిగా గీత, అంటే 6ఈ సీసీ 83. మాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఏ పేరిచ్చినా విడదీసే దాచుకునేది. 2017లో వచ్చిన ఏపీఎఫ్ఎస్ ఇచ్చిన పేరు ఇచ్చినట్టే ఉంచుతుంది, కానీ రెండు రూపాల్నీ ఒకే పేరుగా చూస్తుంది. లినక్స్‌కి ఈ గొడవే లేదు, దానికి పేరంటే బైట్లే, బైట్లు వేరైతే ఫోల్డర్ వేరు. మేము మాక్ నుంచి లినక్స్ సర్వర్‌కి బ్యాకప్ తీస్తుంటే ఎస్పాన్యా అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కనే తయారయ్యాయి, అచ్చం కవలలు, ఒకదాంట్లో కొత్త ఫైళ్లు, ఇంకోదాంట్లో పాతవి. లిస్టింగ్‌ని హెక్స్‌డంప్‌లోకి (బైట్లని ఉన్నవున్నట్టు చూపించే టూల్) పంపి చూస్తే గానీ బయటపడలేదు. (గీతల అక్షరాలే అనుకోకండి, తెలుగు ఐత్వానికి కూడా ఇలా విడిపోయే రూపం యూనికోడ్‌లో ఉంది.)

దీనికి లినక్స్‌లో కన్వ్‌ఎంవీ అనే చిన్న టూల్ ఉంది, ఎన్ఎఫ్‌సీ ఆప్షన్ ఇస్తే పేర్లన్నీ కలిపి రాసిన రూపంలోకి మారుస్తుంది. ఊరికే నడిపితే ఏం మార్చబోతుందో చూపించి ఊరుకుంటుంది, నోటెస్ట్ అని ఇస్తేనే నిజంగా మారుస్తుంది, కాబట్టి భయపడక్కర్లేదు. కవల ఫోల్డర్లుంటే మాత్రం లోపలి ఫైళ్లు ముందు చేత్తో ఒకచోటికి చేర్చండి. మాక్‌లో గిట్ (కోడ్ మార్పులు దాచుకునే టూల్) వాడేవాళ్లు, పేర్లని కలిపిన రూపంలోకి మార్చే ప్రీకంపోజ్‌యూనికోడ్ సెట్టింగ్ ట్రూ ఉందో లేదో చూసుకోండి.

మీ ఫోల్డర్ జిప్‌లోంచి వచ్చిందైతే అది ఇంకో కథ, పాత జిప్ పద్ధతిలో పేర్లు 437 కోడ్ పేజీలో ఉంటాయి, యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు ప్రతి టూలూ పెట్టదు. మళ్లీ విప్పేటప్పుడు ఎన్‌కోడింగ్ అడిగే టూల్‌తో విప్పండి.

అర్జెంట్ అయితే ఆ ఫోల్డర్‌ని గీతల్లేని పేరుతో కాపీ చేసుకుని అక్కడి నుంచి తెరిచి పని కానివ్వండి. తర్వాత తీరిగ్గా ఆ ఎర్రర్ ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, ఏ ఓఎస్సో కూడా చెప్పండి, రెండిట్లో ఏదో చూసి చెప్తా.