కొలువు చిత్రకారుడి కథ రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన నవల తొలి అధ్యాయాలు చదివాను. 1636లో కొరియా రాజు ఇంజో జపాన్‌కు పంపిన రాయబార బృందాన్ని ఎంచుకోవడం, ఆస్థాన చిత్రకారుడు కిమ్ మ్యోంగ్‌గుక్ వెంట ఒక కల్పిత శిష్యుణ్ణి బూసాన్ రేవులో ఓడ ఎక్కించడం నాకు నచ్చాయి. అయితే ఆ కుర్రవాడు సముద్రాన్ని చూసి ఎంతో కవిత్వం చెప్పాడు గాని, ఒక్కసారైనా సిరా నూరలేదు. అతడు విహారానికి బయలుదేరినవాడు కాదు, సర్కారు చిత్రశాలలో కొలువు చేసే మనిషి. ఓడలో చోటు దొరికింది పనితనం వల్లనే. కథను ఆ చేతి మీదికి మళ్లించు.

బొమ్మలూ చేతిరాతలూ కావాలంటూ జపాన్ వారు రాత్రింబవళ్లు ఎగబడుతుంటే కిమ్ మ్యోంగ్‌గుక్‌కు ఏడుపు ఒక్కటే తక్కువైందని ఉపరాయబారి కిమ్ సెర్యోమ్ తన దినచర్యలో రాసుకున్నాడు. నీ నవలకు ప్రాణం అక్కడ ఉంది. గుమ్మం బయట కాగితాలు పట్టుకుని కూర్చున్న జనం, కాదంటే తన దేశానికి మర్యాద కాదని ఎరిగిన గురువు, రాతి మీద సిరాకడ్డీ అరగదీసి అరగదీసి మణికట్టు పట్టేసిన శిష్యుడు ఉండగా, నీకు తుఫానుతో పనేమిటి? ఆయన గీసిన బోధిధర్మ చిత్రం సియోల్ జాతీయ మ్యూజియంలో ఉంది. దాని ప్రతిని ఎదురుగా పెట్టుకుని చూడు. మన దక్షిణదేశం నుంచి వెళ్లాడని చెప్పుకునే ఆ భిక్షువు కప్పుకున్న వస్త్రమంతా తడబాటు లేకుండా లాగిన మందపాటి గీతలు కొన్నే. ఆ భిక్షువే మూలపురుషుడని చెప్పుకునే జెన్ బౌద్ధం పాతుకున్న జపాన్‌లో అటువంటి బొమ్మలకు గిరాకీ ఎక్కువ. ఆ వేగం గురువుగారి ప్రతిభ వల్ల వచ్చిందా, బయట కాచుకుని ఉన్న జనం వల్ల వచ్చిందా అని శిష్యుడి చేత ఆలోచింపజెయ్యి.

ఒసాకాలో జపాన్ పండితుడితో అతని సంభాషణను నోటిమాటగా నడిపావు. ఒకరి భాష ఒకరికి తెలియకపోయినా ఇద్దరూ చీనా అక్షరాలు చదువుకున్నవారే కనుక, కాగితం మీద రాసి చూపుకునేవారు. ఎదుటివాడు కుంచె ఎత్తేదాకా ఆగవలసిన ఆ సంభాషణలో కోపం కూడా నెమ్మదిగానే బయటపడుతుంది; పైగా రాసిన కాగితం మిగిలిపోతుంది. రెండు దేశాల మైత్రి గురించిన ఉపన్యాసాలు తీసెయ్యి. కొరియా మీద జపాన్ చేసిన దండయాత్ర 1598లో ముగిసి 38 ఏళ్లే అయింది, ఓడలోని ముసలి సరంగు దానిని కళ్లారా చూసి ఉంటాడు. ఒడ్డున ప్రేమ సన్నివేశమూ నిలవదు, రెండు దేశాల నడుమ ఉన్న జపాన్ దీవి సుషిమా ప్రభువు మనుషులు బృందాన్ని వెన్నంటే ఉండేవారు.

ఇక ముగింపు. ఈ రాయబారులు ఎడోకు (నేటి టోక్యోకు) వెళ్లి వస్తున్న ఆ చలికాలంలోనే మంచూ సైన్యం కొరియా మీద పడింది. 1637 ఫిబ్రవరిలో ఇంజో రాజు సమ్‌జొన్‌దో అనే నదీరేవు దగ్గర శత్రువు ముందు నేలకు తల ఆనించి లొంగిపోయాడు. రాయబారులు రాజధానికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ కబురు నీ కుర్రవాడి చెవిన ఎక్కడ పడాలో నీవే నిర్ణయించు, కాని పాఠకుడికి ముందుగా చెప్పకు. తిరుగు ప్రయాణం అధ్యాయం పూర్తికాగానే పంపు, మిగిలినవి తరువాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి