మీరడిగారు మేం చెప్తున్నాం: మూడు స్టేషన్లు ఎందుకు?

ప్రశ్న: సార్, మన ఊర్లో సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ అని మూడు పెద్ద స్టేషన్లు ఉన్నాయి కదా, ఇవి ఒకప్పుడు మూడు వేర్వేరు కంపెనీలవా? ఎక్కడికో వెళ్ళాలంటే కాచిగూడకే ఎందుకు పొమ్మంటారు?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కాదండీ, మూడూ నిజాం రైల్వేవే. అయితే ఆ ఒక్క రైల్వేలోనే రెండు రకాల పట్టాలు ఉండేవి, మీరడిగినదానికి చాలావరకు జవాబు అక్కడే ఉంది.

ముందు వచ్చింది 1874లో వాడి అనే ఊరి (ఇప్పటి కర్ణాటకలో ఉంది) నుంచి సికింద్రాబాద్ లైను. అప్పటికే బొంబాయి నుంచి వచ్చే గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వచ్చే లైను రాయచూరు దగ్గర కలిసిపోయి ఉన్నాయి, అవి పోయే దారిలోనే వాడి ఉంది కాబట్టి మనం అక్కడ తగులుకుంటే చాలు, అటు బొంబాయి ఇటు మద్రాసు రెండూ దొరుకుతాయి. సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్, అంటే సైన్యం ఉండే చోటు ఉంది కాబట్టి ఈ లైను ఇంగ్లీషువాళ్ళకి బాగా కావాలి, కానీ డబ్బు పెట్టింది మాత్రం హైదరాబాద్ రాజ్యమే, అప్పుడు దివాన్‌గా ఉన్నది మొదటి సాలార్ జంగ్. ఈ సంగతి మన స్కూలు పుస్తకాల్లో ఇంకాస్త గట్టిగా చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

తర్వాత లైనుని తూర్పుకి, చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) వైపుకి పొడిగించాలని లండన్‌లో కంపెనీ పెట్టే మాట వచ్చింది, వాటాదారులకి వడ్డీ గ్యారంటీ మన ఖజానా ఇవ్వాలి. 1883లో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ (సరోజినీ నాయుడు గారి నాన్న), ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటివాళ్ళు అసలు షరతులేంటో జనానికి చెప్పండి అని అడిగారు, దానికి అఘోరనాథ్‌ని ఊరి నుంచే పంపించేశారు. గ్రూప్స్ రాసేవాళ్ళు "చాందా రైల్వే ఉద్యమం" అని ఒక బిట్టు చదివి వదిలేస్తారు, కానీ ప్రజల డబ్బుకి లెక్క చెప్పమని ఈ ఊర్లో అడిగిన తొలి గొంతుల్లో అదొకటి, దాన్ని అంత తేలిగ్గా దాటెయ్యకూడదు.

కంపెనీ వచ్చింది, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అన్న పేరు ఆ గ్యారంటీ వల్లనే. లైను వరంగల్ మీదుగా 1889కి బెజవాడ చేరింది, మధ్యలో డోర్నకల్ నుంచి ఇల్లందు బొగ్గు గనులకి ఒక కొమ్మ వేశారు. ఇదంతా బ్రాడ్ గేజే, అంటే వెడల్పు పట్టాలు. చాందా వైపు మాత్రం వెంటనే కాలేదు, కాజీపేట–బల్హార్షా లైను పూర్తయ్యేసరికి 1929, అప్పుడుగానీ ఢిల్లీ–మద్రాసు నేరుగా కలవలేదు.

ఇక కాచిగూడ సంగతి. 1900 ప్రాంతంలో నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్‌కి హైదరాబాద్–గోదావరి వ్యాలీ రైల్వే వేశారు, ఖర్చు తక్కువని మీటర్ గేజ్‌లో, అంటే మీటరు వెడల్పు ఇరుకు పట్టాల మీద. తర్వాత దక్షిణానికి మహబూబ్‌నగర్, కర్నూలు మీదుగా ద్రోణాచలం (డోన్) దాకా కూడా మీటర్ గేజే, ఎందుకంటే అక్కడ కలిసే గుంతకల్–బెజవాడ లైను కూడా మీటర్ గేజే. 1916లో కట్టిన కాచిగూడ ఈ మీటర్ గేజ్‌కి ముఖ్యమైన స్టేషన్, రైల్వే హెడ్ క్వార్టర్స్ కూడా అక్కడే ఉండేది. 1907 నాటి నాంపల్లి ఏమో బ్రాడ్ గేజ్, పైగా లైను అక్కడితో ఆఖరు. సికింద్రాబాద్‌కి రెండు గేజులూ వచ్చేవి, అందుకే నిజామాబాద్ నుంచి వచ్చి విజయవాడ వెళ్ళాలంటే అక్కడ సామాన్లు దింపుకుని ఇంకో బండెక్కాలి, గూడ్స్ అయితే ఒక వ్యాగన్‌లోంచి తీసి ఇంకో వ్యాగన్‌లోకి నింపాలి, ఆ హమాలీల కష్టం గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు. 1992లో పట్టాలన్నీ ఒకే వెడల్పుకి మార్చే యూనిగేజ్ ప్రాజెక్టు మొదలయ్యాక మెల్లగా అంతా బ్రాడ్ గేజ్ అయింది. ఆ పాత అలవాటు కొద్దీ కర్నూలు వైపు బండ్లు చాలావరకు ఇప్పటికీ కాచిగూడ నుంచే.

మీకు కుదిరితే ఫలక్‌నుమా–లింగంపల్లి ఎంఎంటీఎస్ ఒకసారి ఎక్కండి. సికింద్రాబాద్ దాకా పాత మీటర్ గేజ్ దారి, అక్కడి నుంచి బేగంపేట మీదుగా 1874 నాటి వాడి దారి, అంటే ఒకప్పుడు బండి మారితే తప్ప కుదరని ప్రయాణం ఇప్పుడు ఒకే టికెట్ మీద అయిపోతుంది.

ప్రశ్న: ఆర్టీసీ బస్సులు కూడా రైల్వేవాళ్ళే మొదలుపెట్టారని మా తాతయ్య అంటారు, నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లకుంట

జవాబు: నిజమేనమ్మా, తాతయ్య చెప్పింది కరెక్టు. 1930లో రాజ్యం రైల్వేని కంపెనీ చేతిలోంచి తీసుకుంది, 1932లో ఆ రైల్వే కిందే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. పట్టాలు లేని ఊళ్ళ జనాన్ని కూడా ఒకే సంస్థ చూసుకునేది, ఇప్పుడు రైలు దిగాక బస్సు కోసం మనం పడే అవస్థ చూస్తే ఆ పద్ధతి ఎంత బాగుండేదో అర్థమవుతుంది. 1951లో రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది, బస్సులు 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయ్యాయి. తాతయ్య దగ్గర ఆ రోజుల పాత టికెట్లు, పాసులు ఏమన్నా ఉంటే పారెయ్యకండి, ఫొటో తీసి మాకు పంపండి, తప్పకుండా వేస్తాం.