సామాన్లకు నెలకు 2,500 కిరాయా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నిరుడు అమ్మ పోయాక వనపర్తిలోని ఇల్లు అమ్మేశాం. ఇంట్లోని వంటకు వాడే పెద్ద ఇత్తడి గుండీలు, రాగి బిందెలు, కుట్టుమిషన్, టేకు మంచం, రెండు బీరువాల చీరెలు ఒక గది కిరాయికి తీసుకొని అందులో పెట్టించాం. నెలకు 2,500. నేను, తమ్ముడు చెరిసగం కడుతున్నాం. అమ్మడానికి మనసొప్పడం లేదు. దానమిస్తే ఇన్‌కం ట్యాక్స్‌లో మినహాయింపు వస్తుందని మావారు అంటున్నారు. నిజమేనా?
– ఓ పాఠకురాలు

జవాబు: రాదమ్మా. విరాళాల మీద పన్ను మినహాయింపు డబ్బుగా ఇచ్చినదానికే. బట్టలు, బోళ్లు, బియ్యం ఏమిచ్చినా లెక్కలోకి రావు. డబ్బైనా సరే, నగదు 2,000 దాటితే చెల్లదు. మీవారు కొత్త పన్ను విధానంలో ఉంటే ఇది అసలే లేదు. ఇచ్చేది ఇవ్వాలనిపించే ఇవ్వండి.

ఇక కిరాయి సంగతి. ఏడాదికి 30,000 పోతోంది. అదే 2,500 నెలనెలా పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే, 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకు దాదాపు 1.78 లక్షలు చేతికొస్తాయి. ఆ గదిలో ఉన్నదంతా అమ్మినా అంత వస్తుందా, మీరే చెప్పండి. ఇత్తడికీ రాగికీ తూకం ధర ఉంటుంది, టేకు మంచానికి గిరాకీ ఉంటుంది. మిగతావి ఏటికేడు విలువ తగ్గేవే. పట్టుచీరెలను మడత మార్చకుండా ఏళ్లకేళ్లు ఉంచితే జరీ దగ్గర చీరుకుపోతాయి. కిరాయి కట్టి మరీ పాడు చేసుకుంటున్నారు.

అలాగని రేపే ఖాళీ చేయకండి. చీరెల మడతలు, బీరువా అరల్లో పరిచిన పేపర్ల కింద, మెత్తల గలీబులు, బియ్యం డబ్బా వెతక్కుండా ఒక్క మూట కూడా గడప దాటించొద్దు. మన అమ్మలు బ్యాంకును నమ్మింది ఆ తర్వాతే. 2,000 నోట్లు దొరికితే సంతోషం, అవి ఇంకా చెల్లుతాయి. బ్యాంకులో తీసుకోరు. హైదరాబాద్ ఆర్‌బీఐ ఆఫీసులో ఇవ్వాలి, లేదంటే పోస్టులో అక్కడికి పంపితే మీ ఖాతాలో వేస్తారు. 2016లో రద్దయిన 500, 1,000 నోట్లకు విలువ లేదు. పైగా అవి పదికి మించి దగ్గర ఉంచుకోవడం నేరం. పాత ఎఫ్‌డీ రసీదో పాస్‌బుక్కో కనిపిస్తే ఆర్‌బీఐ వారి ఉద్గమ్ పోర్టల్‌లో అమ్మ పేరు పెట్టి చూడండి. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు ఆర్‌బీఐ నిధికి పంపేస్తాయి, అయినా వారసులు అదే బ్యాంకుకు వెళ్లి తిరిగి తీసుకోవచ్చు. షేర్ల కాగితాలు, ఎల్ఐసీ బాండ్లు, పట్టా పాస్‌పుస్తకం ఏది దొరికినా పక్కకు తీయండి.

బంగారం దొరికితే పంచుకోవడానికి పన్నేమీ లేదు. అమ్మితే ఉంటుంది. రెండేళ్లు దాటినదైతే లాభం మీద 12.5 శాతం. ఆ రెండేళ్లు అమ్మ కొన్ననాటి నుంచే లెక్క. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు ధరనే కొన్న ధరగా చూపుకోవచ్చు. గిన్నెలు, మంచం, ఫ్రిజ్ లాంటి వాడుక సామాను అమ్మితే ఈ లాభపన్ను తగలదు.

సామాన్ల మీద తమ్ముడికీ మీతో సమానంగా హక్కుంది. ఒక్కో వస్తువు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, ఎవరికి ఇస్తున్నారో రాయండి, ఆయన సరే అన్నాకే కదిలించండి. బంగారం దగ్గర సర్దుకుపోయిన అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఒక్క గుండీ దగ్గర మాటలు మానేసుకున్న ఇళ్లు నేను చూశాను.

కుట్టుమిషన్‌ను సర్వీసింగ్ చేయించి, కుట్టుపని వచ్చి మిషన్ లేనామెకు ఇవ్వండి. మీ దానాలన్నిటిలో నెలనెలా సంపాదించి పెట్టేది అదొక్కటే. పెద్ద గుండీలు ఊరి గుడిలో అన్నదానానికి పనికొస్తాయి, పూజారినో కమిటీ వాళ్లనో అడిగి, కావాలంటేనే పంపండి. బీరువాలు, మంచం అమ్మేయండి, మొహమాటపడొద్దు. చీరెల్లో కట్టుకునేలా ఉన్నవి ఉతికి, ఇస్త్రీ చేసి అయినవాళ్లకు పెట్టండి. చిరిగినవి దానం కింద ఇవ్వకండి, అవతలివాళ్లకు చెత్త పారేసే పని అంటగట్టినట్టే. అమ్మ పేరు కొట్టించిన చెంబో గిన్నెనో ఉండే ఉంటుంది. అది మీరు తెచ్చుకొని రోజూ వాడుకోండి.

గది ఓనర్‌కు రెండు నెలల్లో ఖాళీ చేస్తామని ఇప్పుడే చెప్పేయండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే చివరి నెలల కిరాయిలో సర్దుకోమనండి. మూడో నెల నుంచి మీ 1,250, తమ్ముడి 1,250 ఎవరి ఆర్‌డీలో వాళ్లు వేసుకోవచ్చు.