వంపు కార్డును చదును చెయ్యకు బిడ్డా

చిరంజీవి చిన్నోడికి పెదనాయిన ఆశీస్సులు.

వరదలవి, భూకంపాలవి పాత స్టీరియో కార్డులు, అదే ఒకే దృశ్యం ఫోటోలు రెండు పక్కపక్కన అంటించి, జంట అద్దాలల్ల చూస్తే లోతు కనబడేటట్టు చేసిన అట్టలు, పోగు చేస్తనంటున్నవట, మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. మురిసిపోయిన. జీతమంతా వేలంపాటల పోస్తవేమోనని రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

ముందు పదిరెట్ల భూతద్దం కొను, ఆ తర్వాతే కార్డు. అద్దం కింద చుక్కలు చుక్కలుగా కనబడితే అది ఫోటో కాదు, అచ్చుబొమ్మ. దానికి ఫోటో ధర పెట్టకు. ముందున్న స్తంభమో, మనిషో వెనకున్న గోడతో పోలిస్తే రెండు బొమ్మల్ల కొంచెం వేరే చోట ఉండాలె. ఇసుమంత తేడా లేకుంటే ఒకే బొమ్మను రెండుసార్లు అంటించిన్రన్నట్టే, లోతు రాదు.

అమెరికాల వచ్చిన 1900 గాల్వెస్టన్ తుఫాను, 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం కార్డులు బాగానే దొరుకుతయి. నా మాటింటే అక్కడిదే జాన్స్‌టౌన్ వరదతో మొదలుపెట్టు. 1889 మే 31న ఊరి పైనున్న చెరువు మట్టికట్ట తెగి 2,209 మంది పోయిన్రు. చెరువు కట్టల కింద పెరిగినోళ్లం, అదేందో మనకు చెప్పనక్కర లేదు. కార్డు మీద కీస్టోన్ అనే కంపెనీ పేరుంటే ఆ ఏడే తీసిన ప్రింటనుకోకు. అండర్‌వుడ్ అనే ఇంకో కార్డుల కంపెనీ నెగెటివ్‌లు తర్వాత వాళ్ల చేతికే వచ్చినయి.

ఇగ అసలు మాట. 1880ల నుంచి చాలా కార్డులను తయారుచేసేటప్పుడే వంచేటోళ్లు, ఫోటో ఉన్న వైపు లోపలికి. నాకది తెల్వక, చెమ్మకు వంగిందనుకొని, శాన్‌ఫ్రాన్సిస్కో కార్డును తడిగుడ్డతో తుడిచి నిఘంటువుల కింద పెట్టిన. చదును చేస్తే సాగాల్సింది లోపలి వైపే గదా. అక్కడున్నది పాతబడ్డ జెలటిన్, ఫోటో మీది పల్చటి పూత, అది సాగదు. తడికి ఉబ్బి, ఆరుతూ ముడుచుకొని, నిలువునా నాలుగు చోట్ల చిట్లింది. ఒక మూల మీద కప్పిన కాగితానికి అంటుకొని ఊడొచ్చింది. బాగుచేద్దామనే బుద్ధి ఎంత చెడ్డదో! దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో మధ్యనుంచి అంచులకు దులుపు, నీళ్లు మాత్రం తాకనియ్యకు.

పాలిప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్ల పెట్టు. పీవీసీ వద్దు, ఏళ్లు గడిస్తే జిగటెక్కి ఫోటోను పట్టుకుంటది. వంపు నలగకుండా పెట్టెల నిలబెట్టు, ఇరికించి కుక్కొద్దు. మన దగ్గర ఎండాకాలం అట్ట బిర్రుగైతది, వానకాలం చెమ్మ పీల్చుకుంటది. ఈ ఆటుపోటే దాన్ని చంపేది. బీరువా పైఅరకు మిద్దె వేడి, కింది అరకు నేల చెమ్మ, అందుకని నడిమి అరల పెట్టు. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేటట్టు చూసుకో. బంక తినే వెండిరంగు పురుగొస్తదని నాఫ్తలీన్ ఉండలు మాత్రం వెయ్యకు.

1908 సెప్టెంబర్ 28 మూసీ వరదది అని ఎవరైనా అమ్మజూపితే, స్తంభం పరీక్ష చెయ్యకుండా, నాకు ఫోన్ కొట్టకుండా పైసా కట్టకు.

ఆ చిట్లిన కార్డు నీకే పంపుతున్న. భూతద్దం కింద చిట్లు ఎట్లుంటదో కన్నుకు అలవాటు చేసుకో.

మీ పెదనాయిన
నల్లగొండ