చర్ల వెళ్తున్న స్వాతికి

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పీహెచ్‌డీ పని మీద కొన్నాళ్లు భద్రాచలం దగ్గర చర్ల, దుమ్ముగూడెం వైపు ఉంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. జనాభా, వలసలు, అడవి నరుకుడు నీ టాపిక్కట. విన్నప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఇంకో పక్క టెన్షన్. సర్వేల పేరుతో నా చెప్పులన్నీ అరిగింది ఆ దారుల్లోనే. అది తెలిసీ నన్నొక్క మాట అడక్కుండా రూమ్ కూడా మాట్లాడేసుకున్నావు చూడు! సరే, అడక్కపోయినా చెప్తాను.

దోమతెర, టార్చి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకో. చీకటి పడేలోగా రోడ్డెక్కు. ఇవి నీకు తెలిసినవే.

మొదట శాటిలైట్ బొమ్మలే ముందేసుకుంటావు కదా. ఫారెస్ట్ సర్వే వాళ్ల లెక్కలో హెక్టారుకు మించిన జాగాలో పది శాతం పైన చెట్ల కొమ్మలు కప్పి ఉంటే చాలు, ఎవరి భూమైనా, ఏ చెట్టైనా అది అటవీ విస్తీర్ణమే. కాగితం మిల్లుకి అమ్మడానికి వేసిన జామాయిల్ తోటా, ఇప్ప, మద్ది, తునికి కలిసి పెరిగిన అడవీ ఆ లెక్కకు ఒకటే. తోట కొట్టించిన ఏడాది అడవి పోయినట్టు, మోళ్లు చిగురించాక అడవి పెరిగినట్టు నీ కంప్యూటర్ చెప్పొచ్చు. వెళ్లి చూడందే నమ్మకు. 2011 జనాభా లెక్కలూ అంతే, పాతబడిపోయాయి.

"ఎప్పట్నుంచి సాగు చేస్తున్నారు?" అని మాత్రం సూటిగా అడక్కు. అందరూ "2005కి ముందే" అంటారు. అటవీ హక్కుల చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబర్ 13 మరి, ఆ తేదీ దాటితే పట్టా రాదు. దాన్ని అబద్ధం అని కొట్టిపారెయ్యలేం, బతుకుతెరువు. "86 వరదప్పుడు ఇక్కడేముంది? పెద్దోడు పుట్టేసరికి ఈ చేనుందా?" అని అడుగు. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఏడాదిని ఆ వైపు ముసలివాళ్లు ఎవరూ మర్చిపోరు. ఇంకోటి, కొత్త అడవి నరకడానికి జనం పెరగక్కర్లేదు. పట్టాలిస్తారట అన్న పుకారు చాలు. 2023లో రాష్ట్రమంతా కలిపి దాదాపు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. అలాంటి ఏళ్లను నీ బొమ్మల్లో విడిగా చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం అనే సాయుధ దళం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ నుంచి జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మన వైపు వచ్చేశారు. ఇక్కడ గుత్తికోయలన్నారు. అక్కడ ఎస్టీలు, మన రాష్ట్రంలో ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఊళ్లో భూమి లేదు, అడవిలోకి పోయి గుడిసెలేసుకున్నారు. వాళ్ల మీద రిపోర్టు రాసే టీములో నేనూ ఉన్నాను. పైన ఒకాయన ఉండేవాడు, హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. మ్యాపులో బోడిగా కనపడ్డ చోటు, దాని పక్కన గుడిసెలు, ఈ రెంటినీ కలిపెయ్యడమే ఆయన పద్ధతి. జీపు డ్రైవర్ చేత "ఎన్నెకరాలు కొట్టారు?" అని అడిగించేవాడు. భయానికి వాళ్లు ఏవో వేళ్లు చూపించేవాళ్లు. ఆయన రాసేసుకునేవాడు.

ఒక గుంపులో గుడిసెల వెనక చేను చూశాను. మొద్దులు మోకాలెత్తున అలాగే ఉన్నాయి, వాటి సందుల్లో జొన్న. ఇప్పచెట్ల జోలికి పోలేదు. కాస్త దాటి పోతే పత్తి. ఒక్క మొద్దు లేదు, నేలంతా చదును, ట్రాక్టర్ టైర్ల గుర్తులు, గట్టు మీద డీఏపీ సంచులు, పురుగుమందు డబ్బాలు. ఎద్దుల జత కూడా లేని గుంపుకి ట్రాక్టర్ ఎక్కణ్నుంచి వచ్చింది? పత్తి తీస్తున్న ఒకామెను అడిగితే "ఆసామిది, మేం కూలికి" అంది. ఆసామి మైదానం నుంచి వచ్చినవాడు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదు కాబట్టి ఏ కాగితంలోనూ అతని పేరుండదు. పేరు ఊళ్లో కోయాయనది, పెట్టుబడి ఆసామిది, నరికింది అన్న నింద గుడిసెల వాళ్లది. ఆ హైదరాబాద్ ఆయనకి చెప్తే "అది మన పరిధిలో లేదమ్మా" అన్నాడు. మొత్తం ఎకరాలన్నీ వలస వచ్చినవాళ్ల ఖాతాలో పడ్డాయి. ఆ చలికాలమే గుడిసెలు పీకేశారు. పత్తి జోలికి ఎవరూ రాలేదు, ఆసామి మూడు తీతలూ తీసుకున్నాడు.

గుత్తికోయలు అడవి కొట్టలేదని నేననను. కొట్టారు. చెట్టు చుట్టూ బెరడు చెక్కి, ఎండబెట్టి, తగలబెట్టారు. ఇంకా కొడుతున్నారు. కానీ ఎవరు నరికారు అన్న గడి పక్కనే పెట్టుబడి ఎవరిది, పంట ఖమ్మం మార్కెట్‌కి పోయిందా, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కి పోయిందా అన్న గడులు కూడా నీ ఫారంలో ఉండాలి. వలసల్ని కూడా ఒకే గాటన కట్టకు. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు కోతలయ్యాక వెళ్లిపోతారు. కోస్తా రైతులు డబ్బుతో వచ్చారు. మణుగూరు వైపు బొగ్గు జనాన్ని తెచ్చింది. ఆదిలాబాద్‌లోనైతే 1976లో లంబాడీలకు ఎస్టీ హోదా వచ్చాక, అది లేని మహారాష్ట్ర నుంచి వాళ్ల బంధువులు కదిలి వచ్చారు. ఒక్కొక్కరి వెనక ఒక్కో కారణం, ఒక్కో రకం సాగు.

నా భయం కూడా చెప్తాను. 2022 నవంబర్‌లో చంద్రుగొండ మండలంలో ప్లాంటేషన్ గొడవలో ఒక రేంజి అధికారిని కత్తులతో నరికి చంపారు. పాపం, ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. అందుకని ఎంత ఎండైనా సరే, ఫారెస్టు వాళ్ల జీపెక్కి గూడేనికి వెళ్లకు. నడిచే వెళ్లు. ముందు ఊరి పెద్దను కలువు, ఫోన్ సంచిలో పెట్టు, జావ ఇస్తే తాగు. పొలం కొలిచే యాప్ మొదటి రోజే తీశావంటే ఇంక ఎవరూ నీతో మాట్లాడరు. మొండిదానివి, వింటావో లేదో.

నీ ఫారం వాట్సాప్‌లో పెట్టు, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతా. రెండు పేజీలు దాటితే చదవను. చంద్రుగొండ సంగతి మీ అమ్మకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

ఇట్లు,
పెద్దమ్మ